మిరుగు నాడు మార్చుకున్న తాళంచెవులు

గోదాము షట్టరు పైకి లేపగానే తడిసి ఆరిన గోనెసంచి వాసన ముఖాన కొట్టింది. లోపల సంచులేమీ లేవు, ఎవరో ఖాళీ చేసిపోయిన సిమెంటు నేల, మూలన మడిచి పడేసిన నాలుగు గోనెపట్టాలు తప్ప. ఆ పట్టాల నుంచే వస్తోంది ఆ వాసన, కాస్త బెల్లంలా, కాస్త బూజులా. గోదాము యజమాని వెనకాల నిలబడి కిరాయి సంగతి చెబుతున్నాడు. మామూలుగా అయితే ఆయన మొదటి మాట పూర్తికాకముందే నేను సగానికి దింపేదాన్ని. ఆ రోజు ఆ పట్టాల వైపే చూస్తూ నిలబడ్డాను.

సుల్తాన్‌పూర్‌లో సూదులూ సన్నటి గొట్టాలూ తయారుచేసే ఒక కంపెనీకి నేను సరుకు కొనిపెడతాను. వరద వచ్చినా, ఈదురుగాలి వచ్చినా మా సరుకు ఆసుపత్రులకు ఆగకుండా చేరాలని మావాళ్లు ఒక ప్రణాళిక రాయించారు. అది రాయడానికి పట్నం నుంచి వచ్చిన సలహాదారు దగ్గర కూడా ఆయన ఫీజు నేనే తగ్గించాను. దుకాణమింటి పిల్లను, తగ్గించకుండా ఏదైనా కొంటే నాకు అన్నం సహించదు. ఆ ప్రణాళిక ప్రకారం మా గోదాము మునిగితే సరుకు తరలించడానికి ఇంకో చోటు ముందే మాట్లాడి పెట్టుకోవాలి. కర్దనూర్ వైపు ఒకటుందంటే చూడ్డానికి వచ్చాను. బాగుందని సంతకం పెట్టాల్సింది నేనే. కాని ఆ వాసన తగలగానే నేను కర్దనూర్‌లో లేను, పటాన్‌చెరులో మా బజారు పల్లపు కొసన, మా దుకాణం అరుగు మీద ఉన్నాను.

మా బజారుకు ఒక కొస పల్లం, ఒక కొస మిట్ట. పల్లపు కొసన ఒర్రె పారేది, ఎండాకాలం అందులో పిల్లలం గోళీలాడేవాళ్లం, వానాకాలం అది మా ఇళ్లలోకి తొంగిచూసేది. మాది పల్లపు దుకాణం. గుమ్మంలోనే ఎండుమిర్చి బస్తాలు, వాటి పక్కన బెల్లం దిమ్మెలు, పైన వేలాడే కొబ్బరితాళ్లు, లోపల గ్యాసునూనె డబ్బా, కర్పూరం, ఇంగువ, అన్ని వాసనలూ కలిసి ఒకే వాసనై మా బట్టలకు, జడలకు, బడి పుస్తకాలకు పట్టుకునేవి. సాయంత్రం గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగితే మాత్రం ఆ వాసనలన్నీ ఓడిపోయి ముక్కులో సన్నగా మంట మొదలయ్యేది. అప్పుడు నాయినమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గిరాకి కనబడగానే కొంగు తీసి నవ్వేది. గద్దె మీద కూర్చునేది బాపే అయినా దుకాణం నడిపేది ఆమెనే.

మిట్ట మీద రాజేశం మామ దుకాణం. మామ అంటే చుట్టరికం ఎక్కడిదో నాకిప్పటికీ సరిగా తెలియదు. పగ మాత్రం బాగా తెలుసు. మేం పల్లినూనె ధర తగ్గిస్తే ఆయన అగ్గిపెట్టె ఊరికే ఇచ్చేవాడు. ఆయన చక్కెర చౌకగా ఇస్తే బాపు పొట్లం కట్టిన దారం కూడా పొడుగ్గా ఇచ్చేవాడు. మా ఇంట్లో ఆయన పేరు "మిట్టోడు". వాళ్ల ఇంట్లో మా బాపు పేరు ఏమిటో వాళ్ల బిడ్డ నాకు చెప్పింది గాని ఇక్కడ రాయలేను.

ఇంత పగలోనూ ఏడాదికొక్క రోజు ఇద్దరూ ఒకే పళ్లెం ముందు కూర్చునేవారు. మిరుగు రోజు, అంటే మృగశిర కార్తె వచ్చిన రోజు, ఊరంతా చేపల కోసం ఎగబడితే మా ఇళ్లలో ఇంగువా బెల్లమూ కలిపి ఉండలు చేసేవారు. ఆ ఉండల పళ్లెంలోనే పసుపు రాసిన రెండు తాళంచెవులు పెట్టేది నాయినమ్మ. మా దుకాణం తాళంచెవి రాజేశం మామ తీసుకోవాలి, ఆయన గోదాము తాళంచెవి బాపు తీసుకోవాలి. మా బజారులో ప్రతి పల్లపు దుకాణానికీ మిట్ట మీద ఒక జోడు దుకాణం ఉండేది. ఒర్రె పొంగితే పల్లపువాళ్ల సరుకు మిట్టకు పోతుంది, మిట్ట దుకాణం అరుగు మీదనే పల్లపువాళ్లు చాపేసుకుని అమ్ముకుంటారు. ఆ వరద రోజుల్లో ఎవరి గిరాకి వాళ్లదే, పక్కవాడి గిరాకిని పిలవకూడదు. తడిసిన దుకాణానికి ఆరిన దుకాణం అరుగు ఇయ్యాలె అన్నదొక్కటే షరతు. ఏ కాగితం మీదా లేదు. బాపూ మామా ఇంగువ ఘాటుకు ముఖాలు వికారంగా పెట్టి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండలు మింగి, తాళంచెవులు మొలకు దోపుకుని లేచేవారు. మేం పిల్లలం నోరు మూసుకుని నవ్వేవాళ్లం.

చిన్నచిన్న వరదలు మాకు పండుగలే. నీళ్లు తీశాక తడిసిన సరుకు ఎండబెట్టి చౌకగా అమ్మేవాళ్లం, దాన్ని తడిబేరం అనేవారు. లక్డారం నుంచి, కర్దనూర్ నుంచి ఆడవాళ్లు గంపలతో వచ్చేవారు. తడిసిన పల్లీలు ఉడకబెట్టి మాకు పెట్టేవారు, కరిగిన బెల్లం దోసిళ్లతో నాకేవాళ్లం. ఆ బేరాల్లో నేను గొంతు చించుకుని అరిచి బియ్యం అమ్మేదాన్ని. లంగా కుచ్చిళ్లు దోపుకుని, పెద్ద శేటులాగా "ఇగ నాకు గిట్టదు, పో" అంటుంటే అందరూ నవ్వి ఇంకో మానెడు కొనేవారు. ఇప్పుడు నేను కంపెనీలో ఆడే బేరాలన్నీ ఆ తడి బియ్యం దగ్గర నేర్చుకున్నవే.

ఎనభైల చివర్లో ఒక ఏడు, మిట్ట అవతలి పొలాల్లో ఒక ఫ్యాక్టరీకి ప్రహరీ మొదలైంది. పాలమూరు నుంచి మేస్త్రీలు, కూలీలు కుటుంబాలతో సహా వచ్చి గుడిసెలు వేసుకున్నారు. బీడీలు, నూకలు, ఉప్పు, చింతపండు, పిల్లలకు పిప్పర్మెంట్లు, వాళ్లు కొనని వస్తువు లేదు. వాళ్ల కోసం రాజేశం మామ అరుగు మీద చల్లని నీళ్ల కుండ పెట్టించాడు. అది చూసి బాపు మా అరుగు మీద రెండు కుండలు పెట్టించాడు. సాయంత్రం దీపం పెడుతూ నాయినమ్మ "ఈ గోడ జల్దీ ఒడవొద్దు తల్లీ, ఇంకో ఏడాది కట్టాలె" అని మొక్కేది. ఆ గోడకు ఎన్ని బీడీకట్టలు పోతాయో, ఎన్ని నూకలు పోతాయో మా బజారులో ప్రతివాడికీ తెలుసు. అది ఏ నీళ్లకు అడ్డంగా లేస్తోందో ఒక్కడూ అడగలేదు. బేరగాళ్లం గదా, గోడ ఎక్కడున్నదో కాక గిరాకి ఎక్కడున్నదో చూశాం.

గోడ పూర్తయిన ఏడే బతుకమ్మ ముందు ముసురు పట్టింది. దుకాణంలో అప్పుడే పండుగ సరుకు దిగింది. సద్దుల కోసం నువ్వులు, పల్లీలు, పెసర్లు, బెల్లం. ఏడాది మొత్తం మేం తినేది ఆ పండుగ అమ్మకంలో నుంచే, దసరా పోతే మళ్లీ దసరానే. ఒర్రె గట్టున ఒక నాపరాయి ఉండేది. నీళ్లు ఆ రాయిని ముట్టగానే నాయినమ్మ గుమ్మంలోకి వచ్చి "లేవండ్రి" అంది. ఇక ఆమె చెప్పిన వరుసలోనే అంతా జరిగింది. ముందు ఉప్పు, అది తడిస్తే మళ్లీ దొరకదు. తర్వాత చక్కెర, బెల్లం. ఆ తర్వాత బియ్యం, పప్పులు. ఆఖరున నూనె డబ్బాలు, అవి తేలుతాయి కాబట్టి. తోపుడు బండ్ల మీద, హమాలీల వీపుల మీద, మా అమ్మ నెత్తి మీద, పొద్దుగూకక ముందే మా దుకాణమంతా రాజేశం మామ గోదాములో సర్దుకుంది. నాయినమ్మ సంచులను ఒకసారి చేత్తో తడిమి, పైకప్పు వైపు చూసింది.

"రంది పెట్టుకోకు అత్తమ్మా, ఇది మిట్ట" అన్నాడు మామ.

పొద్దున లేచి చూస్తే మా దుకాణం గడప తడిసి ఉంది, అంతే. మిట్ట మీద నుంచి అరుపులు వినబడుతున్నాయి. మేం పరుగెత్తి వెళ్లేసరికి రాజేశం మామ గోదాములో ఛాతీ దాకా నీళ్లు. పైనున్న పొలాల నీళ్లన్నీ ఎప్పటిలాగే ఒర్రెలోకి దిగబోయి, కొత్త గోడకు తగిలి, దారి లేక వెనక్కి మళ్లి బజారు మిట్టను పట్టుకున్నాయి. మామూలు బురద నీళ్లు కావు. పసుపుపచ్చగా, అంచులకు నురగతో, సాయంత్రం ఫ్యాక్టరీల గాలిలో ఉండే మంటనంతా కలుపుకుని ఉన్నాయి. నాయినమ్మ మోకాళ్ల దాకా దిగి, దారి తప్పి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు ఆ నీళ్లనే అడిగింది.

"ఇటెందుకొచ్చినయిరా ఇవి? ఇటు రాయే గదా!"

కాసేపటికి రాజేశం మామ తడి ధోతితో మా అరుగు కింద వచ్చి నిలబడ్డాడు. చేతిలో మిరుగు నాడు తీసుకున్న మా తాళంచెవి. షరతు ప్రకారం తడిసిన దుకాణం ఆయనది, ఆరినది మాది. మా సరుకంతా ఆయన దగ్గర మునిగి ఉంది, మా దగ్గర ఖాళీ అలమార్లు ఉన్నాయి. బాపు ఏదో అనబోతుండగా నాయినమ్మే లోపలికి పోయి చాప తెచ్చింది.

"గిరాకొచ్చే యాళ్లయింది. తలుపు తెరువుండ్రి" అంది.

ఆ రోజంతా ఇద్దరు శేట్లు ఒకే అరుగు మీద పక్కపక్కన కూర్చుని, మామ దుకాణం పైఅరల్లో తడవకుండా మిగిలిన కర్పూరం బిళ్లలూ, పసుపు కొమ్ములూ, చీపుర్లూ అమ్మారు. అంత పగవాళ్లను అంత దగ్గరగా నేను మళ్లీ చూడలేదు.

నీళ్లు తీశాక సరుకు డాబా మీద, రోడ్డు మీద ఆరబోశాం. బియ్యం ఎండి గలగలలాడింది గాని వాసన పోలేదు. బాపు ఒక దోసెడు కడిగి, మళ్లీ కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అప్పటికే తడిబేరం కబురు పాకి గంపలు దిగుతున్నాయి. అందరికంటే ముందు లక్డారం మల్లమ్మ, నాట్ల కూలికి పోయే మనిషి, ప్రతి తడిబేరానికీ వచ్చి నాతో కొట్లాడి గెలిచేది. నేను హుషారుగా కొలిచే మానిక పట్టుకుని లేచాను. బాపు నా చేతిలోంచి మానిక లాక్కున్నాడు.

"ఈసారి బేరం లేదు మల్లమ్మా. పో."

"ఏంది శేటు, ఎవరికన్న దాస్తున్నవా? పోయినసారి కంటె జెర ఎక్కువిస్త, పట్టు."

"ఇయ్య."

"ఇంకింత ఇస్త. పండుగ ముందట పోరగాళ్లకు బువ్వ పెట్టొద్దా?"

నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. కొనేవాళ్లు ధర పెంచడం, అమ్మేవాడు వద్దనడం, నా చిన్న వ్యాపార జీవితంలో అటువంటి బేరం ఎన్నడూ చూడలేదు. బాపుకు కోపం వచ్చిందా మతి పోయిందా అనుకున్నాను. మల్లమ్మ పక్కవాళ్ల వైపు తిరిగి "సూడుండ్రి, పీనాసి శేటు, పారబోస్తడంట గని మనకియ్యడంట" అని చేతులు తిప్పింది. బాపు లేచి గుప్పెడు బియ్యం ఆమె ముక్కు దగ్గర పట్టాడు. ఆమె పీల్చింది. కొంగు ముక్కుకు వచ్చింది.

"కడిగితె పోతదేమో శేటు" అంది గొంతు తగ్గించి.

"కడిగిన" అన్నాడు బాపు.

ఆ సాయంత్రమే మామ ఊగిపోతూ వచ్చాడు. "నీ సరుకు నువ్వు గుంతల పూడిస్తె, అదే గోదాముల తడిసిన నా సరుకు ఎవడు కొంటడు బావా? నన్ను సంపుతవా?" ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఆయన ఇంట్లో కూడా తినే నోళ్లున్నాయి. బాపు మాత్రం తలవంచుకుని "నాతోని కాదు" అన్నాడు, అంతే. మా బెల్లం, మా నువ్వులు, మా బియ్యం ఒర్రె పక్కన గుంత తవ్వి పూడ్చాం. మామ సరుకు ఒక మధ్యాహ్నం లారీ ఎక్కింది. ఎక్కడికి పోయిందో బజారులో ఎవరూ అడగలేదు.

మళ్లీ మిరుగు వచ్చింది. నాయినమ్మ ఇంగువ బెల్లం ఉండలు చేసి, మా తాళంచెవికి పసుపు రాసి పళ్లెం పెట్టింది. మామ రాలేదు. బాపు పిలవడానికి పోలేదు. పొద్దువాలే దాకా చూసి, ఉండలకు చీమలు పడితే పళ్లెం తనే తీసింది. ఆ తర్వాత వానాకాలం వచ్చినప్పుడల్లా గుమ్మంలో కూర్చుని "అటెట్ల పోయినయి నీళ్లు?" అని అడిగేది, తను చనిపోయేదాకా అడిగింది. ఆ దసరా దెబ్బకు మా దుకాణం మళ్లీ లేవలేదు. కొన్నేళ్లు ఈడ్చి ఈడ్చి, చివరికి తలుపులు వేసి, బాపు ఒక ఫ్యాక్టరీలో స్టోరుకీపరుగా చేరాడు. ఆ గోడ లోపలే.

ఇప్పుడు ఆ బజారు లేదు, సగం రోడ్డు వెడల్పులో పోయింది, సగం సెల్‌ఫోన్ షాపులైంది. నాపరాయి ఏ పునాదిలో ఉందో. ఒర్రె మీద పైపులు వేసి మూసేశారు, అది ఉండేదని చెప్పినా మా ఆఫీసు పిల్లలు నమ్మరు. రాజేశం మామ గోదాము తాళంచెవి, ఆఖరి మిరుగుకు బాపు మొలకు దోపుకున్నది, నా సంచిలో ఉంది. దానికి తలుపు లేదు.

"మేడం, కిరాయి మీకోసం తగ్గిస్త, చెప్పుండ్రి" అన్నాడు గోదాము యజమాని.

"మీ దగ్గరికే నీళ్లొస్తే మీరు ఎక్కడికి పోతారు?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "మా దగ్గరికెందుకొస్తయి మేడం? ఇది మిట్ట."

పట్నం సలహాదారు ఫోన్ చేసి సంతకం అయిందా అని అడిగాడు. కాలేదని చెప్పి గోదాము చుట్టూ తిరిగి వెనక్కి పోయాను. అక్కడ పొలాలకు అడ్డంగా పొడుగ్గా ఒక ప్రహరీ లేస్తోంది. సిమెంటు ఇంకా ఆరలేదు. పక్కనే రేకుల కింద చిన్న కిరాణా కొట్టు, దాని ముందు కూలీలు గుమిగూడి ఉన్నారు. అరుగు మీద వాళ్ల కోసం రెండు నీళ్ల క్యాన్లు పెట్టి ఉన్నాయి. నేను పిప్పర్మెంట్లు కొని, బేరమాడకుండా డబ్బులిచ్చి, అడిగాను.

"ఈ గోడ లేనప్పుడు వాననీళ్లు ఎటు పోయేటివి తమ్మీ?"

అతను త్రాసు మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"నీళ్ల ముచ్చట నాకు ఎర్కలే మేడం. గోడ షురూ అయినకాడికెళ్లి గిరాకి మాత్రం మస్తున్నది."