ఆరో వేలి అదృష్టం

లిడియా రెండు చేతులకీ ఆరేసి వేళ్లతో పుట్టినప్పుడు, మహా అదృష్టమని ముమ్మిడివరంలో మా వీధంతా స్వీట్లు పంచింది వాళ్ల నాయనమ్మే. పిల్ల బొద్దుగా పెరుగుతుంటే మురిసిపోయిందీ ఆవిడే. తీరా మాట ఆలస్యమై, చదువెక్కక, పొద్దువాలితే గుమ్మాలకి గుద్దుకోవడం మొదలయ్యేసరికి తప్పంతా కోడలు రెబెకా మీద పడింది. అదృష్టమైతే వాళ్ల వంశానిది, లోపమైతే కోడలి చేతి వంటదీనూ!

రెబెకా పడి ఊరుకునే మనిషి కాదు. కువైట్ నుంచి సెలవుకొచ్చిన భర్తని కూడా లాక్కుని, కూతుర్ని విశాఖపట్నం తీసుకెళ్లింది. డాక్టరమ్మ ముగ్గురి రక్తమూ పరీక్ష చేయించి, బార్డెట్ బీడిల్ సిండ్రోమ్ అని చెప్పింది. ఆరో వేలు, తీరని ఆకలి, రేచీకటి అన్నీ ఒకే జన్యువులోని తేడా వల్లే. చూపు ఇంకా తగ్గుతుంది, కిడ్నీలనీ కనిపెట్టుకుని ఉండాలి. ఆ తేడా తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే బిడ్డకి జబ్బు. రెబెకా చేసుకున్నది సొంత మేనత్త కొడుకుని. ఇద్దరికీ అది ఒకే ఇంటి నుంచి దిగింది.

అప్పట్నుంచి సాయంత్రం కాగానే రెబెకా ఇంట్లో లైట్లన్నీ వేస్తుంది. వెనకాలే అత్తగారు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వస్తుంది.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక ఆడపడుచు సువర్ణ వచ్చింది, నర్సింగ్ చదువుతున్న రెబెకా పెద్దమ్మాయి మేరీని తన కొడుక్కి అడగడానికి. అత్తగారి సంబరం ఇంతా అంతా కాదు.

"ముందు పిల్లలిద్దరికీ ఆ రక్త పరీక్ష చేయిద్దాం వదినా," అంది రెబెకా.

సువర్ణ మొహం మాడిపోయింది. "మా రక్తానికేం రోగం? డాక్టర్లు ఏదో చెప్పేరు, నువ్వు నమ్మేవు. ఆ తిండిపోతుని అదుపులో పెట్టుకోలేక మా అబ్బాయిని అనుమానిస్తావా?"

"అయితే వినండి వదినగారూ. పరీక్ష చేయించినా ఇవ్వనండీ."

గుమ్మంలో నిలబడి లిడియా అంతా వింది. "నాలాంటి పాప పుడతాదనా అమ్మా?"

రెబెకా కూతుర్ని దగ్గరికి లాక్కుంది. కోపం మాత్రం తగ్గలేదు.

"నీలాంటి పాప పుడితే నెత్తిన పెట్టుకుంటానే తల్లీ. నిన్ను తిండిపోతన్న ఇంటికి మాత్రం మీ అక్కని పంపను."

సువర్ణ కాఫీ ముట్టకుండానే వెళ్లిపోయింది. పొద్దువాలింది. రెబెకా లైట్లన్నీ వేసింది. అత్తగారు సణుగుతూ స్విచ్చుల దగ్గరికి లేచింది.

మేరీ కుర్చీ తెచ్చి సరిగ్గా స్విచ్చుబోర్డు కింద వేసింది. రెబెకా అందులో కూర్చుంది.