సిఫారసు లేఖకు దిష్టిచుక్క

పై చదువులకని వెళ్లి పరువు పోగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. జవాబు తెలియక కొందరు, బస్సు తప్పిపోయి కొందరు. కానీ తన మీద తనే చాడీ రాసుకుని, దాని కింద సార్ చేత సంతకం పెట్టించుకుని, కవర్లో పెట్టి స్వహస్తాలతో ప్రొఫెసర్లకు అందజేసిన ఘనత నా ఒక్కదానిదే. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పటికి ఉప్పల్లో డిగ్రీ ముగించి, కెమిస్ట్రీ ఎమ్మెస్సీకి ఎంట్రన్స్ రాసి, చిల్కానగర్‌లోని మా ఇంట్లో గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ర్యాంకు అటూ ఇటూ కాకుండా వచ్చింది. ఇంటర్వ్యూ గట్టెక్కితేనే సీటు. గట్టెక్కకపోతే ఏమవుతుందో నాచారంలో ఒక కంపెనీలో మెషీన్ ఆపరేటర్‌గా చేసే మా నాన్న ముందే చెప్పేశాడు.

"సీటొస్తే సదువుకో బిడ్డా, నేనొద్దంటనా? రాకుంటే మాత్రం మల్లాపూర్ల మందుల కంపెనీల ప్యాకింగ్ పని ఉన్నది. సూపర్‌వైజర్‌తోని మాట్లాడిన."

ప్యాకింగ్ పని తక్కువదని కాదు. మా వీధి అమ్మాయిలు చాలామంది అదే చేస్తున్నారు. కానీ నాకు గోలీలను డబ్బాల్లో సర్దడం కాదు, ఆ గోలీలో ఏముందో తెలుసుకోవాలని ఉండేది. ఆ కోరిక ఎంత గట్టిదంటే, సీటు రాదేమోనన్న ఆలోచన వస్తే చాలు, అన్నం గొంతు దిగేది కాదు.

ఇంటర్వ్యూకు డిగ్రీలో పాఠం చెప్పినవారి సిఫారసు లేఖ తెమ్మన్నారు. మా కెమిస్ట్రీ సార్ దగ్గరికి వెళ్లాను. కోస్తా నుంచి వచ్చి ఉప్పల్లో స్థిరపడ్డ పరమ శాంతమూర్తి ఆయన. దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తకుండానే అన్నారు.

"నువ్వే రాసుకు రామ్మా. నేను సంతకం పెట్టేస్తాను."

"నా గురించి నేనే రాసుకోవాల్నా సార్?"

"అందరూ చేసేది అదేగా. మొహమాటపడకుండా బాగా రాయి."

మొహమాటమా! ఇంటికెళ్లి కలం పట్టాక నేను ఆగితేగా? తెలివి, క్రమశిక్షణ, ఓర్పు, నాయకత్వం... లేఖ పూర్తయ్యేసరికి అందులోని పిల్లకు నాకే దండం పెట్టాలనిపించింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఇంగ్లీషు పొగడ్తలన్నీ తెలుగులో మా అమ్మకు వినిపించాను. కొంప మునిగింది అక్కడే.

మా అమ్మ కొత్త చీపురు కొన్నా దిష్టి తీసే మనిషి. లేఖంతా విని ముక్కున వేలేసుకుంది.

"అవ్వో! ఇంతగనం పొగిడితే ఇంకేమన్న ఉన్నదా? అంతమంది సార్లు సదువుతరు. దిష్టి తాకదా?"

"కాయితానికి దిష్టేందే అమ్మా!"

"కాయితానికి గాదే, సీటుకు. సంటిపిల్లకు బుగ్గ మీద సుక్క పెడ్తం గదా, గట్లనే ఒక్క చిన్న వంక పెట్టు. సరిగ్గ తినదు అని రాయి."

"అది ప్రొఫెసర్లకెందుకే?"

"మరి పొద్దెక్కేదాక పంటది అని రాయి. అబద్ధం గూడ గాదు."

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. ప్రొఫెసర్ల కంటికి ఎమ్మెస్సీ సీటెంత? నాకూ భయం పట్టుకుంది. తల్లీకూతుళ్లం బేరమాడి బేరమాడి ఒక వాక్యం దగ్గర రాజీపడ్డాం: 'అప్పుడప్పుడు కొంచెం మతిమరుపు.' మర్నాడు సార్ చదవకుండానే సంతకం పెట్టి, ఆశీర్వదించి మరీ పంపారు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నా, అడిగేదంతా మధ్యలో కూర్చున్న మేడమే. జవాబులు బాగానే చెప్పాను. అప్పుడు ఆవిడ లేఖ తీసి చదువుతూ చదువుతూ ఆగిపోయారు.

"మతిమరుపా? ల్యాబుల మతిమరుపంటే ఎట్లమ్మా? యాసిడ్ సీసకు మూత పెట్టుడు మర్చిపోతవా?"

"లేదు మేడమ్, ఎప్పుడూ మర్చిపోలే."

"బర్నర్ ఆర్పుడు?"

"అది గూడ మర్చిపోలే."

"మరి ఏం మర్చిపోతవు?"

ఒక్కటైనా దొరుకుతుందేమోనని డిగ్రీ మూడేళ్లూ తిరగేశాను.

"గుర్తుకొస్తలేదు మేడమ్."

పక్కనున్న ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. మేడమ్ లేఖ మీదున్న సార్ నంబరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు.

"సార్, మీ స్టూడెంట్ స్రవంతికి మతిమరుపున్నదని రాసిన్రు గదా. జర వివరంగ చెప్తరా?"

"మతిమరుపా? నేను రాశానా?" సార్ గొంతులో కల్తీలేని ఆశ్చర్యం. "నాకేం గుర్తులేదండీ!"

పక్కనున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ఫోన్ పెట్టేసి నావైపు చూశారు.

"ఈ లెటర్ ఎవరు రాసిన్రు?"

అబద్ధం చెప్పొచ్చు. చెబితే ఆ మతిమరుపు సార్ నెత్తిన పడుతుంది. నన్ను నమ్మి సంతకం పెట్టిన మనిషిని చూసి వాళ్లు నవ్వుతుంటే నాకు ప్రాణం చివుక్కుమంది.

"నేనే మేడమ్. సార్‌ది తప్పేం లేదు, నన్ను నమ్మిండు. మొత్తం పొగడ్తలే ఉంటే దిష్టి తాకుతదని మా అమ్మ... ఒక సుక్క పెట్టుమన్నది."

మేడమ్ లేఖ మడిచి పక్కన పెట్టారు. తర్వాత ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు.

"బయట కూసోని మళ్ల రాయి. సార్ పేరు మీద గాదు, నీ పేరు మీద. మంచి, చెడు రెండూ రాయి."

బయట బల్ల మీద కూర్చున్నాను. చెడు గడగడా వచ్చేసింది. బద్ధకం, కోపం, తొందర, మొండితనం... కాగితం నిండిపోయింది. మంచి దగ్గరికొచ్చేసరికి కలం కదల్లేదు. సార్ పేరు చాటున అన్ని గొప్పలు రాసుకున్నదాన్ని, నా పేరుతో ఒక్క మంచిముక్క రాసుకోలేకపోయాను. సిగ్గుతో ఏడుపొచ్చేసింది. చివరికి అడుగున ఇరుకులో ఒకటి రాశాను: 'కెమిస్ట్రీ అంటే ప్రాణం. ఇది మాత్రం ఎవరో రాయమంటే రాసింది కాదు.'

మేడమ్ కాగితం కిందిదాకా చదివి, ఏడ్చి ఉబ్బిన నా ముఖం చూశారు. అప్పుడు నవ్వారు.

"సుక్క పెట్టుమంటే మొహమంత కాటుక పూసుకొచ్చినవేంది బిడ్డా! పో, మొహం కడుక్కొనొచ్చి సర్టిఫికెట్లియ్యి."

ఆ సాయంత్రం నాన్న సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, "మా బిడ్డ పనికి రాదన్నా, పెద్ద సదువుకు పోతున్నది" అన్నాడు. అవసరం లేకపోయినా ఆ మాట మూడుసార్లు అన్నాడు.

ఇక నా ప్రతిజ్ఞ. అగ్నిసాక్షిగా అనుకుంటారో, మా ల్యాబు బర్నర్ సాక్షిగా అనుకుంటారో మీ ఇష్టం. ఈ జన్మలో నా గొప్పలు నేను రాసుకోను. నా లోపాలు అసలే రాసుకోను. ఆ రెండో పనికి ఇంట్లో మా అమ్మ ఉంది.