‘తల్లి నుంచే’ అన్న మాట

మా బాబు ఐదో నెలలో, గుండె ఉబ్బి, ఖమ్మం దవాఖానాలో పోయాడు. మైటోకాండ్రియా జబ్బు కావచ్చని డాక్టరమ్మ అప్పటికే మా ముగ్గురి రక్తమూ పరీక్షకు పంపింది. మా బావగారు, అంటే నా భర్త అన్న, మధిరలో సైన్సు పాఠాలు చెబుతాడు. ఆయనకు ఆ ఒక్క మాట చాలింది. పరామర్శకు వచ్చిన చుట్టాలందరి ముందు తీర్పు చెప్పేశాడు.

"మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తది. మా తమ్మునిది ఏం లేదు. పడిపోయిన గడి రక్తం, గట్లనే ఉంటది."

నా భర్త తల వంచుకున్నాడు. నేను వంచలేదు. ములకలపల్లి అవతల మా తాత కట్టిన గడిలో, కోటలాంటి ఆ దొరల ఇంట్లో, పైకప్పు మిగిలినవి రెండే గదులు. అక్కడికే వచ్చేశాను.

కొన్నాళ్లకు రిపోర్టు నా పేరున వచ్చింది. చెడింది ఎంఆర్‌పీఎల్44 అనే జన్యువు. మైటోకాండ్రియాలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రానికి ఒక భాగం దాని వల్లే తయారవుతుంది. ఆ భాగం పనిచేసేది మైటోకాండ్రియాలోనే గానీ, జన్యువు ఉండేది కణకేంద్రకంలో. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండూ చెడితేనే జబ్బు. నాలో ఒకటి చెడి ఉంది. నా భర్తలోనూ ఒకటి.

ఎవరికీ చెప్పలేదు. ట్రంకుపెట్టెలో దాచి ఎదురుచూశాను. బావగారి కూతురిని మేనత్త కొడుక్కే, అంటే నా ఆడబిడ్డ కొడుక్కే, ఇస్తారని నాకు తెలుసు. ఇద్దరిదీ ఒకే ఇంటి రక్తం కాబట్టి ముందు పరీక్ష చేయించుకోమని, దానికి ఈ రిపోర్టు కావాలని దవాఖానాలో అంటారనీ తెలుసు.

ఇప్పపూలు ఎండబెట్టే రోజుల్లో వచ్చాడు.

"కూసొమ్మనవా అమ్మా?"

"కుర్చీ ఒకటే ఉంది బావగారూ. మా తాతది." నేనే కూర్చున్నాను.

"ఆ కాగితం ఇయ్యమ్మా. పిల్ల బతుకు."

"ఇస్త. అత్తమ్మకు ఫోన్ కలిపి చదవండి."

గబగబా ఇంగ్లిషులో చదివాడు.

"తెలుగుల. పాఠం చెప్పుడు మీకు అలవాటే గద."

ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "అమ్మా, చెడ్డ జన్యువు తమ్మునిల గూడ ఉన్నదట."

"వానికి యాడికెళ్లి వచ్చిందిరా?" అంది అత్తమ్మ.

"నాయిన నుంచి. లేకపోతే... నీ నుంచి."

"నా నుంచా!"

ఆ అరుపు ఎంత హాయిగా వినిపించిందో.

పిల్ల మీద నాకు పగ లేదు. జిరాక్సు మీద సంతకం పెట్టి ఇచ్చాను.

"అసలుదో?"

"నా దగ్గరనే ఉంటది. మీ ఇంట్ల పెళ్లి మాటలనాడు నేనే తెస్త. పరామర్శకు వచ్చినోళ్లందరినీ పిలవండి. వాళ్ల ముందట మీరే చదువుదురు గని."

"అమ్మకు చెప్పిన గదమ్మా, ఇంకెందుకు?"

"ఆనాడు మీరు ఫోన్ల చెప్పలేదు గద, బావగారూ."