మేడ మీద గుంత

పాలమూరులో రైలు స్టేషనుకూ మార్కెట్టుకూ నడుమ రామచంద్రయ్య సావుకారు కట్టించిన 'రామచంద్ర విలాసం' గురించి ఎవరిని అడిగినా రెండు సంగతులు చెప్పేవారు. కింద దుకాణాలు, మీద కాపురాలు ఉన్నాయి కనుక అందులో ఉన్న మనిషి పుట్టి, పెరిగి, పెండ్లాడి, ఉప్పూ పప్పూ కొనుక్కొని, గడ్డం గీయించుకొని, జబ్బుపడి మందు తాగి, బతుకంతా నెత్తిన వాన చుక్క పడకుండా వెళ్లదీయవచ్చుననేది మొదటిది. చచ్చేటప్పుడు మాత్రం ముందే కిందికి దిగడం మర్యాద, ఎందుకంటే మెట్లు ఇరుకు, మలుపు దగ్గర పాడె తిరగదు అనేది రెండోది. ఈ రెండోది సావుకారు ముందర ఎవరూ అనేవారు కారు.

అంతటి భవనంలో, దాని పునాది తవ్వకముందు నుంచీ ఆ జాగాలోనే ఉన్న ప్రాణి ఒక్కడే. అతడు కురుమ బీరన్న. గొంగళ్లు నేసేవాడు. దుకాణాలకు వచ్చేవాళ్లు చాలామంది అతన్ని జవాను అనుకునేవారు. కోర్టు గుమాస్తా ఒకాయన కాపురం దిగిన నాడు అతని చేతికి ట్రంకు పెట్టె అందించాడు కూడా. బీరన్న ఏమీ అనకుండా మోసుకుపోయి పెట్టాడు. అననందుకు కారణం వినయమూ కాదు, కోపమూ కాదు. అనాలని తోచలేదు, అంతే.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన మరుసటేడు సావుకారు స్వయంగా బీరన్న గుడిసెకు వచ్చాడు. చుట్టూ జాగా అంతా అప్పటికే కొన్నాడు. నడుమ బీరన్న గుడిసె, గొర్ల దొడ్డి, మగ్గం, నేతకు ముందు పడుగు దారాలు పొడుగునా సాపే నేల మాత్రం మిగిలాయి. కురుమల్లో పెద్ద మాట ఏదైనా గొంగడి పరిచి దాని మీద కూర్చొని అనుకుంటారు. పెండ్లి మాటైనా అంతే, గొర్ల పంపకమైనా అంతే. గొంగడి మీద అన్న మాటకు కాగితం అడగడమంటే అవతలివాని తల్లిని తిట్టినట్టు. బీరన్న గొంగడి పరిచాడు. సావుకారు ఇస్త్రీ ధోవతి వంక ఒకసారి విచారంగా చూసుకొని, కూర్చున్నాడు.

"ఏం గావాల్నో అడుగు, బీరన్నా."

"నాకు, మా ముసల్దానికి ఉండనీకి ఓ అర్ర. పడుగు సాపనీకి జాగా."

"పడుగు ఎంత పొడుగుంటది?"

బీరన్న లేచి, దొడ్డి కాడి నుంచి తుమ్మచెట్టు దాకా నడిచి చూపించాడు. సావుకారు కండ్లతోనే కొలిచాడు. "ఇచ్చిన," అన్నాడు.

గడపలో కూర్చొని ఉన్ని వడుకుతున్న గుర్వమ్మ కదురు ఆపకుండానే మొగునితో అంది: "ఇంకేమన్న అడిగేదుంటే గిప్పుడే అడుగు. గొంగడి ఎత్తినంక మల్ల మాట ఎత్తద్దు."

బీరన్న బాగా ఆలోచించాడు. గొర్లను చెల్లెలు కొడుకు తోలుకుపోతాడు. వంటకు పొయ్యి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అడగవలసింది ఇంకేమీ కనబడలేదు. గొంగడి ఎత్తారు.

అతని బతుకులో జరిగిన పొరపాట్లన్నింటిలో పెద్దది అదే. గొంగడి నేసే మగ్గానికి గుంత ఉండాలి. నేసేవాడు గుంత అంచున కూర్చొని కాళ్లు అందులోకి దించి, అడుగున ఉన్న తొక్కుడు కర్రలు తొక్కాలి. గుంత లేని మగ్గం కట్టెల మోపే. కానీ భూమి ఉన్నచోట గుంత ఉంటుంది, దాన్ని వేరే అడిగేదేమిటి? అతను గాలిని కూడా అడగలేదు.

మేడ లేచేదాకా ఆలుమొగలు రైలుగేటు అవతల కొట్టంలో ఉన్నారు. గుర్వమ్మ అక్కడే కూర్చొని కొత్త గొంగడికి సరిపడా ఉన్ని వడికింది. ఎప్పుడూ వడికేదానికన్నా సన్నంగా వడికింది.

"మేడ మీద కూసోని నేస్తవట. రాజువైతివి పో," అని ఎత్తిపొడిచేది. "గిది నీకు. మెత్తగ ఉంటదని ఎవనికన్న అమ్మేవు, జాగర్త."

మేడకు సున్నం వేస్తున్న చలికాలంలో జ్వరం వచ్చి ఆమె పోయింది. చుట్టాలందరూ ఏడ్చారు. బీరన్న పాడెకు తాడు చాలుతుందో లేదో చూశాడు. చాలింది. ఆ తర్వాత చూడవలసింది ఏమీ లేక ఊరుకున్నాడు.

గృహప్రవేశం నాడు సావుకారే అతన్ని వెంటబెట్టుకొని మెట్లెక్కించాడు. చివరి అర్ర చూపించాడు. అర్రల ముందు సాగే వరండాను తన అడుగులతో తానే కొలిచి చూపించాడు. దొడ్డి కాడి నుంచి తుమ్మచెట్టు దాకా ఎంతుండేదో అంతకు ఒక మూర ఎక్కువే ఉంది. పట్టణంలో మాట నిలబెట్టుకున్న సావుకార్ల చరిత్ర రాయవలసి వస్తే రామచంద్రయ్యకు అందులో పెద్దపీట వేయాలి. పోటీ కూడా ఎక్కువ ఉండదు.

"మాట తప్పిన్నా, బీరన్నా?"

"తప్పలే."

"సంతోషమేనా?"

ఖాళీ వడ్ల గరిసెలోకి తొంగిచూసినట్టు బీరన్న తన లోపలికి ఒకసారి చూసుకున్నాడు.

"ఉంటది సావుకారీ. యాడికి పోతది?"

మగ్గం కర్రలు గోడకు ఆనించాడు. ఉన్ని ఉండలు కుండలో పెట్టి, దూలానికి ఉట్టి కట్టి వేలాడదీశాడు. పొద్దుపోయేదాకా వరండాలో కూర్చునేవాడు. కింద బండ్లు పోయేవి, రిక్షాలు పోయేవి, మనుషులు బేరాలాడేవారు. అన్నీ కనబడేవి, వినబడేవి. గాజు బుడ్డిలో బిరడా పెట్టి మూసిన సంతను చూస్తున్నట్టుండేది. వానాకాలం దాకా అట్లాగే గడిచింది.

ఒకనాడు ఉట్టి కింద నల్లటి పొడి రాలి ఉంది. కుండ దించి చూస్తే, పై ఉండకు పురుగు పట్టింది. వేలితో తాకితే దారం పొడిపొడిగా ఊడింది. అడుగు ఉండలు ఇంకా బాగానే ఉన్నాయి. ఆ క్షణాన బీరన్న గుండె కదిలిందని రాయడం అబద్ధమవుతుంది. చేతులు కదిలాయి. పురుగు పట్టిన ఉండను తీసి అవతల పెట్టాడు. చింతగింజలు నానబోశాడు.

దుకాణాలు మూసి ఉండే ఆదివారం నాడు వరండా పొడుగునా పడుగు సాపి, చింతగింజల గంజిని కుంచెతో పూయడం మొదలుపెట్టాడు. గంజి పడితేనే ఉన్నికి బిగువు వస్తుంది, పురుగు కూడా దూరంగా ఉంటుంది. మేడ మీది కాపురాలవాళ్లు కొంగులు, పంచెలు ఎత్తి పట్టుకొని నల్లటి ఏరు దాటినట్టు పడుగు దాటారు. సరిగ్గా అప్పుడే రామచంద్రయ్య సావుకారు గుడికి పోతూ కింద నిలబడి, తన భవనాన్ని ఆదివారపు ఎండలో తలెత్తి చూసుకుంటున్నాడు. గంజి చుక్క భుజం మీద పడింది. తల ఇంకా ఎత్తాడు. రెండోది ముఖం మీద పడింది.

"ఎవడ్రా అది!"

"నేనే, సావుకారీ. పడుగు."

సావుకారు తిట్టబోయాడు. గొంగడి మీద అన్న మాట అడ్డం వచ్చింది. "పడుగుకు జాగా ఇచ్చిన," అన్నాడు ముఖం తుడుచుకుంటూ. "ఇచ్చిన్నే పో. జర కారకుండ పుయ్యి." ఇంటికి మళ్లిపోయి వేరే ధోవతి కట్టుకొని గుడికి పోయాడు.

మరునాడు బీరన్న పడుగు చుట్టి, అర్రలో మగ్గం నిలబెట్టి, గుంతకు జాగా చూశాడు. విలాసంలో కప్పులన్నీ ఇనుప దూలాల మీద షాబాదు బండలు పరిచి సున్నం పోసినవి. గడ్డపారతో సందు గీరితే సున్నం లేచింది. బండ మెల్లగా పైకి వచ్చింది. వస్తూ వస్తూ రెండు ముక్కలైంది. కింద వెలుతురు కనబడింది. బీరన్న అది చూసి ఆగవలసింది. పొద్దున అట్లా చేయాలనుకున్నాడు, కనుక చేశాడు. అంచున కూర్చొని కాళ్లు దించాడు.

కింద దర్జీ ఏసోబు దుకాణం. మర్రిగూడ దిక్కు నుంచి వచ్చి, మిషన్ ఆసుపత్రి కాంపౌండులో కుట్టుపని నేర్చుకొని, విలాసంలో కిరాయికి దిగినవాడు. ఎవరిదో పెండ్లికోటుకు చేతులు కుడుతుంటే నెత్తిన సున్నం రాలింది. ఎలుకలనుకున్నాడు. తర్వాత రెండు కాళ్లు వచ్చాయి.

"పెద్దయ్యా! గివి నీ కాళ్లేనా?"

"నాయే."

"గిక్కడికెందుకొచ్చినయ్?"

"మగ్గానికి గుంత గావాలె."

"గిది గుంతనా? నా దుకాణం!"

"దుకాణం నీదే. నేనేం తీసుకుంటలేను. కాళ్లొక్కటే."

ఏసోబు కత్తెర బల్ల మీద పెట్టాడు. "మా తాత మీ అసొంటోళ్ల కాళ్ల కింద బతికిండు. మా నాయిన బతికిండు. నేను ఊరిడిసి, పని నేర్చి, కిరాయి కట్టి దుకాణం పెట్టుకుంటే, కాళ్లు కప్పు తొలుచుకొని వచ్చినయా? ఇంకెంత దూరం పోతే ఇడుస్తయవి?"

బీరన్న న్యాయంగానే ఆలోచించాడు.

"కడుక్కొనే దించిన," అన్నాడు.

ఏసోబు కోపాన్ని నిలబెట్టుకోవడానికి చాలా పాటుపడ్డాడు. కానీ నెత్తి మీద ఆ కాళ్లు, నిజంగానే శుభ్రంగా తోమి, గోళ్లు తీసి, పెండ్లిచూపులకు కూర్చున్నట్టు జతగా ఉన్నాయి. నవ్వు వచ్చింది.

సావుకారుకు మాత్రం రాలేదు. కబురు తెలిసి ఉరుకుతూ వచ్చాడు. కింద ఒకసారి, పైన ఒకసారి బొక్కను చూశాడు. భవనానికి గాయమైతే మేస్త్రి వైద్యునిలా చూస్తాడు. ఆయన దాని తండ్రిలా చూశాడు.

"అర్ర అన్న, ఇచ్చిన. పడుగుకు జాగా అన్న, ఇచ్చిన. గుంత అన్ననా?"

"అనలే."

"నువ్వు అడిగినవా?"

"అడగలే."

"మరి? రేపు మేస్త్రిని తోలుత. బొక్క మూస్తడు. గుంత మాట ఇంక లేదు."

"కానియ్యి," అన్నాడు బీరన్న. మగ్గం కర్రలు విప్పడం మొదలుపెట్టాడు.

మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఏసోబుకు అది నచ్చలేదు. కప్పు తొలిచిన మనిషి ఇంకొంచెం కొట్లాడాలి కదా.

"గంతేనా పెద్దయ్యా? ఉత్త చేతులతోటి ఊకుంటవా? మరి గా ఉన్ని?"

"పురుగు తింటది."

"ఎవలు వడికిండ్రు? సన్నగున్నది."

"మా ముసల్ది."

"ఇంకోటి వడుకుమను మల్ల."

"ఆమె లేదు," అన్నాడు బీరన్న, ఇంట్లో పొగాకు లేదన్నట్టు.

ఏసోబు పడుగు వంక చూశాడు, బొక్క వంక చూశాడు, తర్వాత సావుకారు వైపు తిరిగాడు. "సావుకారీ, నా దుకాణంల మిషన్ ఎనుక మూల ఖాళీగున్నది. బండ కింద భూమే. ఆడ తవ్వుకోనియ్యి. ఈ ఒక్క గొంగడి నేసినంక మల్ల బండ ఏసేస్తం."

"ఇయ్యాల గుంత, రేపు బాయి తవ్వుతమంటరు!"

"కిరాయి కడ్తున్నది నేను. ఇరుకైతే నాకైతది."

సావుకారు గొణిగాడు. బీరన్న మాత్రం అప్పటికే పాత గొంగడి దులిపి నేల మీద పరుస్తున్నాడు. ఒకసారి కూర్చొని, అడగడం మరిచినవాడు రెండోసారి కూర్చోవచ్చా అనే విషయంలో కురుమ పెద్దలు ఏమనేవారో తెలియదు. సావుకారు నిట్టూర్చి కూర్చున్నాడు. బీరన్న ఏసోబును చూశాడు.

"నువ్వు గూడ కూసో. మాట నీది."

ఆ గొంగడి మీద, ఊరు అంటరానిదన్న ఇంటి మనిషి కూర్చోవడం అదే మొదలు. సావుకారు కొంచెం పక్కకు జరిగాడు. అక్కడితో గొంగడి అయిపోయింది కనుక, అంతకన్నా జరగలేకపోయాడు.

"ఒక్క గొంగడి. అయినంక బండ." సావుకారు వేలెత్తాడు. "ఇంకేమన్న అడిగేదుంటే గిప్పుడే అడుగు, బీరన్నా. మల్ల ఎత్తద్దు."

బీరన్న తలెత్తాడు. గడప వైపు చూశాడు. గడపలో ఎవరూ లేరు, వరండా ఉంది. ఆనాడు ఆ మాట గడపలోంచే వచ్చింది.

"ఏం లేదు," అన్నాడు.

మూలన బండ లేపితే మొదట విలాసం తాలూకు సున్నం, ఇటుక ముక్కలు వచ్చాయి. వాటి కింద ఎర్రమన్ను వచ్చింది. ఇంకా లోపల, అణిగి ఎండిపోయిన గొర్ల పెంట వాసన వచ్చింది. నీ పాత మగ్గం గుంత ఇదేనా అని ఏసోబు ఆశగా అడిగాడు. కాదు, ఆ గుంత మిఠాయి దుకాణం పొయ్యి కింద ఉండాలన్నాడు బీరన్న.

మగ్గం కట్టి, అంచున కూర్చొని కాళ్లు దించాడు. అడుగున మన్ను తడిగా ఉంది. చల్లదనం అరికాళ్ల నుంచి పిక్కల దాకా ఎక్కింది. చెయ్యి పేక దారం మీద ఆగింది. మేడెక్కిన నాటి నుంచి తన కాళ్లు ఎక్కడ ఉన్నాయో అతనికి తెలియనే లేదు. తర్వాత చెయ్యి మళ్లీ కదిలింది.

కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు మిషన్ వెనుక మగ్గాన్ని చూసి, ఇక్కడ కోట్లు ఉన్నితో నేసి మరీ కుడతారని మెచ్చుకున్నారు. ఏసోబు కాదనలేదు. గొంగడి మగ్గం దిగాక, అంచు మిషను మీద కుట్టి పెడతానని పట్టుబట్టాడు. సూది విరిగింది. రెండోది కూడా విరిగింది. బీరన్నే చేత్తో కుట్టుకున్నాడు. అదే పొద్దున గుంత పూడ్చి బండ వేశాడు. మాట మాటే.

మేస్త్రి మాత్రం రాలేదు. సావుకారు న్యూటౌనులో ఇంకో విలాసానికి ముగ్గు పోయిస్తున్నాడు, పాత బొక్కలకు తీరిక లేదు. బీరన్న కొత్త గొంగడిని తన అర్రలో బొక్క మీద పరుచుకున్నాడు. అమ్మమని ముగ్గురు నలుగురు అడిగారు. తల అడ్డంగా ఊపాడు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఏసోబు బట్టలు కొలిచే బద్దతో కింది నుంచి గొంగడిని పొడిచాడు.

"పెద్దయ్యా, ఉన్నవా?"

"ఉన్న."

"తిన్నవా?"

"తిన్న."

"ఒగటి అడుగుత. ఆమె ఉన్ని దక్కె, గొంగడి అయ్యె. ఇప్పుడు మనసుకు మంచిగున్నదా?"

బీరన్న గొంగడి అంచు ఎత్తి, బొక్కలోంచి కిందికి చూశాడు. ఏసోబు తల, మిషను, వెనుక మూలన మిగతావాటికన్నా కొంచెం ఎత్తుగా కూర్చున్న బండ కనబడ్డాయి.

"ఏమో," అన్నాడు. "గుంతల కాళ్లకైతే మంచిగనే ఉండె."

గొంగడి అంచు మళ్లీ కప్పాడు. కింద మిషను ఆడింది.