మూడో పిలుపుకు ముందు

మొన్న ఆదివారం మా ఎదురింటివాళ్లు ఇనుప గేటుకు బంగారు రంగు వేయించారు. పొద్దున్నే చాయ్ గ్లాసుతో వాకిట్లోకి వచ్చేసరికి థిన్నర్ వాసన ముక్కులో గుచ్చుకుంది. ఆ ఇంటావిడ నావైపే చూస్తోంది, గేటు బాగుందని ఒక మాట అనాలి. అన్నాను. కానీ నా బొటనవేలి గోరు అప్పటికే చూపుడువేలిని గీకుతోంది. బంగారు రంగు కనబడితే గీకెయ్యాలనిపించే జబ్బు నాకు నాలుగేళ్లుగా ఉంది. దాన్ని నాకు అంటించి పోయినవాడు నబీ చాచా.

నబీ చాచా మా కోర్టులో డఫేదారు. మా కోర్టు అంటే పెద్దదేం కాదు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, పత్తి చేలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఒక చిన్న ఊరు, ఆ ఊళ్లో నిజాం కాలం నాటి పెంకుల కప్పు కింద ఒక మున్సిఫ్ కోర్టు. నేను ఇరవై రెండేళ్ల వయసులో అక్కడ జూనియర్ అసిస్టెంటుగా చేరాను. అప్పటికే చాచాకు తల సగం నెరిసింది. తెల్ల బట్టలు, భుజం మీదుగా ఎర్ర డవాలి పట్టీ, దానిమీద మెరిసే ఇత్తడి బిళ్ల. జడ్జిగారి బిళ్లబంట్రోతు అని ఎవరైనా అంటే నవ్వేవాడు. ఆయన పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. గంట కొట్టడం, పేరు పిలవడం.

పిలవడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ఎవరి పేరైనా మూడుసార్లు పిలిచాకే గైర్హాజరు రాయాలి. మిగతా కోర్టుల్లో బంట్రోతులు ఆ మూడూ గుమ్మంలో నిలబడి ఒక్క ఊపిరిలో కానిచ్చేస్తారు. చాచా మొదటి పిలుపు గుమ్మంలో పిలిచేవాడు. రెండోది వరండా చివరికి పోయి పిలిచేవాడు. మూడో పిలుపుకు ముందు వరండా దూలానికి వేలాడే కంచు గంటను మూడు దెబ్బలు కొట్టి, మెట్లు దిగి, ఆవరణ అంతా నడిచి, కంచె పక్కన కానుగ చెట్టు దగ్గర నిలబడి పిలిచేవాడు. అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్లు అక్కడే కూర్చునేవారు. వరండాలో బెంచీలున్నా అవి తమవి కావని వాళ్లకు గట్టి నమ్మకం. మూడు దెబ్బలు వినబడగానే, ఎవరి పేరో వినడానికి అందరూ లేచి నిలబడేవారు.

నాకు ఆ నడక చూస్తే చిరాకు వేసేది. అవతల జడ్జిగారు గడియారం చూస్తుంటారు, ఈయనేమో పెళ్లి ఊరేగింపులో నడిచినట్టు నడుస్తాడు. ఒకసారి అడిగేశాను.

"ఎందుకు చాచా అంత దూరం? ఇక్కణ్ణించి అరిస్తే వినబడదా?"

"వినబడతది బిడ్డా. వినబడుడు వేరు, మనల్నే పిలిచిండ్రని తెలుసుడు వేరు," అన్నాడు. అప్పట్లో నాకు అది ముసలివాళ్ల మాటలాగే తోచింది.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు చాచా ఖమ్మం కంటి దవాఖానాకు పోయాడు. ఉన్న ఇంకో అటెండరు సమన్లు పట్టుకుని తిరుగుతున్నాడు. "ఈ ఒక్కరోజూ నువ్వే పిలువమ్మా," అన్నారు జడ్జిగారు. నిజం చెప్తున్నాను, నాకు సిగ్గేసింది. డిగ్రీ చదివి, టైపు పాసై, బడి బంట్రోతులా తాడు లాగి గంట కొట్టడమా? గోడకు గడియారం ఉంది, అందరికీ కళ్లున్నాయి. గంట కొట్టలేదు. గుమ్మంలోంచి బయటికి కూడా పోలేదు. ముత్తమ్మ అనే ఆమె పేరు మూడుసార్లు పిలిచాను, పలకలేదు. ఆమె వకీలు ఆరోజు ఇంకో కోర్టులో ఉన్నాడు. ఆమె పొలంలోకి కంచె జరిపిన ఆసామి మాత్రం వకీలుతో సహా ముందు వరుసలో ఉన్నాడు. గైర్హాజరు అని నా చేత్తోనే రాశాను. కేసు పోయింది.

సాయంత్రం తాళాలు వేయించి బయటికి వస్తే కానుగ చెట్టు కింద ఒకామె ఇంకా కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. ఒళ్లో గుడ్డ మూట, అందులో కేసు కాగితాలు.

"ఎవరమ్మా నువ్వు? కోర్టు అయిపోయింది."

"ముత్తమ్మనమ్మా. గంట కొట్టలేదు గద? కొడ్తరని పొద్దుగాలటి సంది చూస్తున్న."

నేనేం చెప్పానో తెలుసా? రేపు మీ వకీలును కలవమని చెప్పి బస్సెక్కి ఇంటికి పోయాను. ఆ మాట ఇన్నేళ్ల తర్వాత రాస్తుంటే కూడా ముఖం వేడెక్కుతోంది.

చాచా మర్నాడు కంటికి పట్టీతో వచ్చాడు. విషయం విన్నాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, ఆ కాస్త బాకీ అక్కడితో తీరిపోయేది. ఆయన డవాలి బిళ్ల తుడుచుకుంటూ, "ఐతారం పొద్దుగాల ఫస్ట్ బస్సుకు రా బిడ్డా. ముత్తమ్మ ఇంటికి పోదాం," అన్నాడు.

"ఉత్తరం రాస్తే సరిపోదా చాచా?"

"ఆమెకు సదువొస్తదా? ఇంకొకరు చదివి చెప్పిండ్రనుకో, తప్పు ఆమెదే అనుకుంటది. నువ్వే చెప్పాలె."

ఏన్కూరు దాటాక బస్సు దిగి రెండు గంటలు నడిచాం. చాచా పట్టీ కట్టిన కంటితో ముందు నడుస్తుంటే, రెండు కళ్లున్న నేను వెనక తడబడుతున్నాను. ముత్తమ్మ వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి మంచం వాల్చింది, చెంబుతో నీళ్లిచ్చింది. చాచా నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, నావైపు చూశాడు.

"నేను గంట కొట్టలేదు. కంచె దాకా రాలేదు. నువ్వు వచ్చి కూడా రాలేదని రాశాను. తప్పు నాది," అన్నాను.

ఆమె చేతులు పూల మీదే ఆగిపోయాయి. పక్కనున్న అత్తకు కోయలో ఏదో చెప్పింది. ముసలామె నన్ను తేరిపార చూసింది. శాపనార్థాలకు సిద్ధపడి కూర్చున్నాను. ముత్తమ్మ నావైపు తిరిగి, "అయితే మల్ల ఎప్పుడు కొడ్తరు?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చేసింది. చాచా భుజం తట్టలేదు, ఓదార్చలేదు. "ఏడ్చుడు ఇంటికి పోయినంక ఏడువు. ముందుగాల ఆమెకు జవాబు చెప్పు," అన్నాడు.

జవాబు సోమవారం చెప్పాను. పిలవాల్సినట్టు పిలవలేదని, మనిషి ఆవరణలోనే ఉందని జడ్జిగారికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన చెడ్డవారు కాదు. కాగితం చదివి వెనక్కి జరిపారు.

"గంట కొట్టాలని ఏ రూల్లోనూ లేదమ్మా. ఇది నేను తీసుకుంటే నీ సర్వీసు రిజిస్టరులో మచ్చ పడుతుంది. ఇంకా ప్రొబేషన్ కూడా కాలేదు నీకు."

నేను గుమ్మం వైపు చూశాను. చాచా అక్కడే నిలబడి ఉన్నాడు, గోడ మీద సున్నం చూస్తున్నాడు. మా ఇంట్లో నా జీతమే జీతం. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. అయినా కాగితాన్ని ఆయన ముందుకే మళ్లీ జరిపాను.

అప్పుడు మాత్రం చాచా మాట్లాడాడు. "రూలు లేదు సార్. అలవాటు ఉంది. మన రూలు వాళ్లు చదవలేదు, మన అలవాటును నమ్మి కూసున్నరు."

ముత్తమ్మ వకీలు అర్జీ పెట్టాడు, నా కాగితం దానికి తోడైంది, కేసు మళ్లీ విచారణకొచ్చింది. రెండేళ్లకు ఆమె పొలం ఆమెకు దక్కింది. నాకు రాతపూర్వక హెచ్చరిక దక్కింది. చాచా నన్ను మెచ్చుకున్నది లేదు. మర్నాడు పొద్దున గంట తాడు నా చేతికిచ్చి, "ఇయ్యాల నువ్వు కొట్టు," అన్నాడు, అంతే.

తర్వాత ఆయన రిటైరయ్యాడు. కొన్నాళ్లకు గంట నాలుక ఊడి ఎక్కడో పోయింది, కరెంటు బెల్లు వచ్చింది. కోర్టు కొత్త భవనంలోకి మారినప్పుడు గంట పాత భవనం రికార్డు గదిలోనే దుమ్ములో ఉండిపోయింది. నాలుగేళ్ల కింద ఊళ్లో పదిమందీ కలిసి దాన్ని బాగుచేయించాలనుకున్నారు. వకీళ్లు, ఆటోవాళ్లు, చాయ్ హోటలామె, కాలేజీ పిల్లలు, అందరూ తలా ఒక చెయ్యి వేశారు. ఆటోలకు రంగులు వేసే శ్రీను ముందుకొచ్చి, పైసా తీసుకోకుండా రాత్రింబవళ్లు పనిచేశాడు. సొట్టలకు లోపలా బయటా లప్పం పెట్టి, అద్దంలా పాలిష్ పట్టి, పైన బంగారు రంగు మూడు కోటింగులు వేశాడు. చూడ్డానికి పెళ్లికూతురిలా ఉంది. కొత్త నాలుక కట్టి కొడితే మాత్రం నూనె డబ్బా మీద దరువు వేసినట్టు చప్పుడొచ్చింది.

శ్రీను ముఖం చిన్నబోయింది. "పోనీలే, కొత్త కోర్టు హాల్లో అద్దాల పెట్టెలో పెడదాం, అందంగా ఉంటుంది. పిలవడానికి ఇప్పుడు మైకుంది కదా," అన్నాడొక సీనియర్ వకీలు. చాలామంది తలలూపారు. నేను ఆ సాయంత్రమే చాచా ఇంటికి పోయాను.

అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. ఏళ్ల తరబడి గంట పక్కనే నిలబడ్డ చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. చెవి దగ్గర అరిచి చెప్పాను. మర్నాడు ఆయన ఆటోలో వచ్చి, గంట అంచు మీద అరచెయ్యి పెట్టి, ఇంకో చేత్తో కొట్టమని సైగ చేశాడు. కాసేపు చెయ్యి అక్కడే ఉంచాడు.

"వణుకుతలేదు. రంగు, లప్పం అంతా తియ్యాలె," అన్నాడు. తర్వాత శ్రీనును దగ్గరికి పిలిచాడు. "ఎక్కడెంత పెట్టినవో నీ చెయ్యికే ఎర్క. నువ్వు చూపియ్యి, మేం గీకుతం."

ఆ ఒక్క మాటతో శ్రీను మళ్లీ పనికి పెద్ద అయ్యాడు. పది రోజులు పాత కోర్టు వాకిట్లో థిన్నర్ వాసన తప్ప ఇంకోటి లేదు. నల్లకోట్లు చెట్టుకు తగిలించి వకీళ్లు గీకారు. కోర్టు వదిలాక రోజూ నేను పోయి గీకాను, గోళ్ల సందుల్లో బంగారం ఇరుక్కుని అన్నం కూడా చెంచాతో తినాల్సి వచ్చింది. చాచా కుర్చీలో కూర్చుని మధ్యమధ్య అరచెయ్యి పెట్టి చూసేవాడు. చివరికి ఒకరోజు, "ఇగ నాతోని కాదు. ముత్తమ్మను పిలిపియ్యి," అన్నాడు.

"ఆమె ఎందుకు చాచా?" అని చెవిలో అరిచాను.

"నేను కొట్టినోన్నే. దూరం నుంచి విన్నది ఆమె. సరైందో కాదో ఆమె చెప్పాలె."

ముత్తమ్మ వచ్చింది. జుట్టు తెల్లబడింది, నడుము కొంచెం వంగింది. నన్ను చూసి, "ఏమమ్మా, ఇయ్యాలన్న కొడ్తవా?" అని ఎగతాళి చేసింది. ఎవరూ చెప్పకుండానే పోయి కానుగ చెట్టు కింద, కంచె పక్కన, పాత చోటే కూర్చుంది. గంటను వరండా దూలానికే కట్టాం. తాడు చాచా నాకే ఇచ్చాడు. మూడు దెబ్బలు కొట్టాను.

"ఇది కాదు. ఇది బడి గంట," అంది ముత్తమ్మ అక్కణ్ణించే.

శ్రీను టార్చి పట్టుకుని గంట లోపలికి తల పెట్టి ఇంకాసేపు గీకాడు. మళ్లీ కొట్టాను. "దగ్గరికొచ్చింది. ఇంకా రాలె," అంది.

పైన కొక్కెం దగ్గర, ఎవరికీ కనబడని చోట, లప్పం ముద్ద ఒకటి మిగిలి ఉందని శ్రీనుకే గుర్తొచ్చింది. ఉలితో అది రాల్చాడు. మూడోసారి తాడు లాగాను. ఆ చప్పుడు నా చేతుల్లోంచి భుజాల దాకా పాకింది. పెంకుల మీద పావురాలు లేచాయి. ముత్తమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చెళ్లు దులుపుకుంది. చంకలో సంచి సర్దుకుని, ఆవరణ దాటి, మెట్లెక్కి, తాళం వేసిన కోర్టు గుమ్మం ముందు వచ్చి నిలబడింది.

చాచాకు గంట వినబడలేదు. ఆమె లేవడం చూశాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాడు. "చాలు బిడ్డా," అన్నాడు నాతో.

"ఎందుకు లేచొచ్చావ్ ముత్తమ్మా?" అని తర్వాత అడిగితే ఆమె నవ్వేసింది. "ఏమో. పేరు పిలుస్తరేమోనని." అద్దాల పెట్టె మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. సొట్టలు సొట్టల్లాగే ఉన్న ఆ గంట ఇప్పుడు కొత్త కోర్టు వరండాలో వేలాడుతోంది. ఆ వానాకాలంలోనే చాచా పోయాడు. ఆయన లేని లోటు నాకు ఇంకా తీరలేదు, తీరుతుందని కూడా అనుకోను.

వచ్చే మార్చికి నేను రిటైరవుతున్నాను. పెన్షన్ కాగితాల కోసం నా సర్వీసు రిజిస్టరు తిరగేస్తున్న మా జూనియర్ అమ్మాయి నిన్న ఒక పేజీ దగ్గర ఆగింది. "మేడం, ఈ పాత హెచ్చరిక ఒక్కటే మచ్చలా ఉంది. అర్జీ పెడితే తీసేస్తారు, రాయమంటారా?" అంది. వద్దన్నాను. ఇంతలో లోపల ఎవరి పేరో పిలుస్తున్నారు. ఒకటి అయింది, రెండూ అయ్యాయి, పలికినవాళ్లు లేరు. గైర్హాజరు రాయడానికి ఆ అమ్మాయి పెన్ను అందుకుంది. "ఆగు, ఇప్పుడే రాయకు," అని చెప్పి వరండాలోకి పోయి మూడు దెబ్బలు కొట్టాను. మెట్లు దిగి, మోకాళ్ల నొప్పితోనే ఆవరణ అంతా నడిచాను. ప్రహరీ గోడ పక్కన ఒక ముసలాయన తువ్వాలు దులుపుకుంటూ లేస్తున్నాడు.