జేబులో మిగిలిన చెక్క దిమ్మ

మా బావ లారీల మీద సరుకు కట్టే మనిషి. బెల్టు బిగించాక వేలితో మీటి, చెవి ఒగ్గి వింటాడు. నచ్చకపోతే మళ్ళీ మొదటికొస్తాడు. ఇంట్లోనూ అదే వరస. అక్క డబ్బాకి మూత పెడితే వెనకాలే వెళ్ళి ఇంకోసారి నొక్కుతాడు. అక్క తల పట్టుకుంటుంది.

ఇనుప పైపులు ఎక్కించినప్పుడు, అవి దొర్లకుండా కింద చెక్క దిమ్మలు బిగగొడతారు. బావ మాత్రం చివరి దిమ్మని జేబులో ఉంచుకుంటాడు. బెల్టులు బిగిసి, పైపులు సర్దుకున్నాకే దాన్ని కొడతాడు.

ఆ రోజు పైపుల లారీ డ్రైవరు బావ సొంత అల్లుడే. బెల్టు మెలిక పడిందని బావ యార్డులో అందరి ముందూ అతన్ని కడిగిపారేశాడు. "ఇంత నిర్లక్ష్యమైతే నా కూతురి గతేంటి?" అన్నాడు. అల్లుడు వంగి మెలిక సరిచేశాడు. బావ విసవిసా ఇంటికొచ్చేశాడు.

నా పక్కనే అన్నానికి కూర్చోగానే ఆయన తొడకి ఏదో గుచ్చుకుంది. జేబులో చెయ్యి పెట్టాడు. దిమ్మ! ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఫోన్ చేస్తే అల్లుడు ఎత్తలేదు. బండి నడుపుతూ ఫోనెత్తితే చేతులు విరగ్గొడతానని చెప్పింది ఈయనే మరి.

నా స్కూటరు వెనక ఎక్కాడు. దారి పొడుగునా నా భుజం పిసుకుతూనే ఉన్నాడు.

"ఇంకాస్త లాగించరా!"

"ఇది స్కూటరు బావా, విమానం కాదు."

"వంతెన దగ్గర మలుపుందిరా. అక్కడ పైపులు ఒరిగితే లారీయే బోల్తా పడుద్ది."

ఆ తర్వాత నాకూ వెటకారం రాలేదు. రోడ్డు పక్కన నలుగురు గుమిగూడి కనిపిస్తే చాలు, ఆ లారీయేనేమోనని మెడ సాచి చూసేవాణ్ణి.

మలుపుకి ఇవతలే, టీ కొట్టు ముందు లారీ ఆగి ఉంది. స్కూటరు ఆగకముందే బావ దూకేశాడు. లారీ వెనక ఎక్కి తొంగిచూశాడు. దిమ్మలన్నీ ఉన్నాయి. చివరిదాని చోట కొత్త చెక్క, గట్టిగా కొట్టి ఉంది.

అల్లుడు టీ గ్లాసుతో వచ్చాడు. "యార్డులోనే చూశా మామయ్యా. నేనే కొట్టేశా."

"నాకు చెప్పొచ్చుగా?"

"అందరి ముందూ మిమ్మల్ని ఎలా అంటాను?"

బావ కళ్ళు తుడుచుకున్నాడు. అలవాటుగా బెల్టు మీటబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు చూడయ్యా."

అల్లుడు మీటాడు, చెవి ఒగ్గాడు. "ఇది కాస్త వదులైంది మామయ్యా."

బావ వెంటనే వెళ్ళి దాన్ని బిగించాడు.