ఇద్దరి పడవ మీద ఒక్కడినే: నాంపల్లి నుంచి హుస్సేన్ సాగర్‌ దాకా

హబీబ్ కరాచీ వెళ్లిపోయాక పడవ నా ఒక్కడిదైంది. అతను ఆబిడ్స్‌లో రేడియోలు బాగుచేసేవాడు. నేను నాంపల్లి బడిలో డ్రాయింగ్ మాస్టరుని. ఒక దొర ఊరు విడిచిపోతూ అమ్మిన పాత తెరచాప పడవను ఇద్దరం కలిసి కొనుక్కున్నాం. ఆదివారం వచ్చిందంటే హుస్సేన్ సాగర్‌లో ఉండేవాళ్లం. వెనక కూర్చుని చుక్కాని పట్టేది నేను, ముందుండే చిన్న తెరచాప తాడు లాగేది అతను. 1953లో వాళ్లింట్లో అందరూ కరాచీకి ప్రయాణమైతే అతనూ వెళ్లాడు. ఏడాది పాటు నేను పడవ షెడ్డు వైపే పోలేదు. చివరికి, నా ఒక్కడివల్ల అవుతుందో లేదో తేల్చుకోవాలని, కాకపోతే అమ్మేయాలని ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

ఆరింటికి నాంపల్లి స్టేషను ముందు రిక్షా ఎక్కాను. తొక్కే మనిషి పేరు మల్లయ్య, పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు. చెరువుకు సికింద్రాబాద్ కొసన ఉన్న పడవ షెడ్డుకు రూపాయి అడిగాడు. ఆబిడ్స్‌లో ఇరానీ హోటలు దగ్గర ఆపించి ఇద్దరికీ చాయ్ చెప్పాను. అక్కడి నుంచి బషీర్‌బాగ్ మీదుగా ట్యాంక్‌బండ్ ఎక్కి, ఏడు దాటాక షెడ్డు చేరాం.

"ఒక్కరే పోతరా సారూ?" అన్నాడు మల్లయ్య తెరచాప చూసి.

"ఔ. దోస్తు లేడు ఇప్పుడు."

అతను రిక్షాను కట్ట మీదికి తిప్పాడు. కట్ట మీద కాసేపు కూర్చుంటానన్నాడు.

ఒక్కడే నడపాలంటే పని అంతా ఒడ్డునే ముగించుకోవాలి. గాలి పెరగకముందే పెద్ద తెరచాపను కింద నుంచి ఒక మడత మడిచి కట్టాను. చిన్న తెరచాప తాడును నా చేతికందేలా వెనక్కి లాక్కున్నాను. నీళ్లలోకి దిగాక పడవ మాట విన్నది. అలవాటు కొద్దీ ముందుకు చూసి "వదులు" అన్నాను. ముందు ఎవరూ లేరు. తాడు నేనే వదిలాను.

చెరువు నడుమకు వచ్చేసరికి ఆ తాడు తెరచాప కొయ్య మొదట్లో చిక్కుకుంది. చుక్కానిని తాడుతో కట్టేసి ముందుకు పాకాను. అదే నేను చేసిన తప్పు. పడమటి గాలి ఒక్కసారిగా కొట్టింది, పడవ ఒరిగింది, నేను నీళ్లలో ఉన్నాను. తల పైకెత్తేసరికి పడవ ఇరవై గజాల దూరంలో, కట్టేసిన చుక్కానితో, నా అవసరమే లేనట్టు కట్ట వైపు సాగిపోతోంది. "హబీబ్!" అని అరిచాను. ఆ కేక నాకే వినబడింది. ఆ ఏడాదిలో అతని పేరు నేను గట్టిగా పలకడం అదే మొదటిసారి.

ఈదుకుంటూ కట్ట చేరేసరికి చేతులు పడిపోయాయి. చూస్తే మల్లయ్య నడుము లోతు నీళ్లలో నిలబడి, పడవ రాళ్లకు తగలకుండా రెండు చేతులా ఆపి పట్టుకున్నాడు. అతని మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది.

"పడవ ఒక్కటే వచ్చింది సారూ, మీరు కానరాలె. నా పాణం పోయినంత పనైంది," అన్నాడు.

రాళ్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మల్లయ్య పక్కనే కూర్చుని తలపాగా పిండుకున్నాడు. తర్వాత, "రిక్షాల పోదమా, దీంట్ల పోతరా?" అని అడిగాడు.

"దీంట్లనే పోత. జర దీని మూతి గాలికెదురుగ తిప్పి నూకు."

నూకాడు. ఉత్తరానికి తిరిగి కట్ట వెంబడే షెడ్డు దాకా నడిపాను. కట్ట మీద మల్లయ్య ఖాళీ రిక్షాను నాతో సమానంగా తొక్కుతూ వచ్చాడు.

పడవను అమ్మలేదు. ఆ తర్వాత చాలా ఆదివారాలు ఒక్కడినే తిరిగాను. ఒంటరిగా నడపడమంటే ఇద్దరి పనీ ఒక్కడు చేయడమని అంతకుముందు అనుకునేవాణ్ణి. పని నేర్చుకోవచ్చు. పడ్డప్పుడు వెనక్కి తిరిగి చూసే మనిషి ఉండడని ఒప్పుకోవడమే కష్టం. అందుకే ఒక్కరే వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: తెరచాప ఎత్తకముందే గట్టి తాడు ఒక కొస పడవకు, రెండో కొస మీ నడుముకు కట్టుకోండి. గాలి ఉన్నంతసేపు పడవ మీకోసం ఆగదు.